నడిచి వచ్చిన పురిటిగది

కొన్సోర్సియా నిచ్చెన దగ్గరికి చేరేసరికి పైన బిడ్డ ఏడుపు వినిపిస్తూనే ఉంది. లగూమన్ దీవికి ఈ కొసన ఉన్న ఆరోగ్య ఉపకేంద్రం నుంచి ఆ కొసన ఉన్న అవతలివాడకు కొబ్బరితోటల మధ్య బురదదారి తప్ప మరో దారి లేదు. ఆ దారిని ఆమె మధ్యాహ్నపు వానలో, నెత్తిన మందుల సంచీ పెట్టుకుని, పరుగుకూ నడకకూ మధ్య ఉండే వేగంతో దాటి వచ్చింది. ఇక తొందర అవసరం లేదని ఏడుపే చెప్పింది. అయినా కాళ్ళ బురదను వానకు అప్పగించి, నిచ్చెన నాలుగు మెట్లూ గబగబా ఎక్కింది.

"రా పిల్లా, రా. పనయ్యాక వచ్చేవాళ్ళకి మా ఇంట్లో కాఫీ కూడా మిగలదు," అంది లోపలి నుంచి నానాయ్ సెపా.

ఆ దీవిలో సెపాకు అందరూ పిల్లలే. ఉపకేంద్రానికి నర్సుగా వచ్చి ఇక్కడే తల నెరిసిన కొన్సోర్సియా కూడా పిల్లే, మిగతావాళ్ళకు ఆమె మానా, అంటే అక్క, అయినా సరే. సెపా మాత్రం అందరికీ నానాయ్, అంటే అమ్మ. ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళు ఆమెను మరోలా పిలవడం ఎలా?

వెదురు బద్దల నేల మీద చాప, చాప మీద జెరలిన్. ఆమె వీపును తన రొమ్ముకు ఆనించుకుని భర్త ఎల్మెర్ కూర్చుని ఉన్నాడు. అతని ముఖం ఆమె ముఖం కంటే పాలిపోయి ఉంది. సెపా ఒక చేత్తో బిడ్డను తల్లి పొట్ట మీద పట్టుకుని, రెండో చేతిని తల్లి బొడ్డు కింద అదిమి ఉంచింది. బొడ్డుతాడు ఇంకా కోయలేదు.

"నీ కత్తెర కోసమే చూస్తున్నాను," అంది సెపా. "వెదురు బద్ద పెట్టి కోస్తే తంతానన్నావుగా."

"తంతాననలేదు నానాయ్. తప్పన్నాను."

"నీ ముఖం చూస్తే అదీ ఇదీ ఒక్కటే."

కొన్సోర్సియా చేతులు కడుక్కుంది, తాడు కట్టింది, కోసింది, తొడలో సూదిమందు వేసింది. మాయ బయటపడింది. మాయను పళ్ళెంలో పరిచి, ముక్క ఏదీ లోపల మిగల్లేదని వేలితో తడిమి చూసుకున్నాక, కొన్సోర్సియా గర్భసంచి మీద చెయ్యి వేసింది. అది గట్టిపడి ఉంది. సెపా అదిమి ఉంచిన చోటే అదిమి ఉంచాలి. తను ముందే వచ్చినా అంతకంటే బాగా చేసేది కాదు.

"పడవ ఏమైంది?" అని ఎల్మెర్‌ను అడిగింది.

"ఫోన్ చేశాను మానా. తెల్ల పడవలో డీజిలు లేదన్నాడు డ్రైవరు. ఈ మూడు నెలల వాటా అయిపోయిందట. చేపల పడవలో పోదామంటే అలలు చూశారుగా."

చూసింది. ఉపకేంద్రం పురిటిగది కప్పును గాలివాన ఎగరేసుకుపోయిన నాటి నుంచి దీవి తల్లులందరూ పట్టణసభ వాళ్ళ తెల్ల పడవలో సముద్రపు కాలువ దాటి పట్టణం ఆస్పత్రికి పోవాలి. అక్కడే కనాలి. ఇంట్లో కంటే నేరం. కన్న తల్లికీ జరిమానా, పట్టిన మంత్రసానికీ జరిమానా. అదే మంత్రసాని మూడోసారి పట్టుబడితే జరిమానాతో పాటు పట్టణం లాకప్పులో కొన్నాళ్ళు. అది పట్టణసభ చేసిన నిబంధన.

సెపా రాగి చెంబుతో నేల కడుగుతోంది. నీళ్ళు బద్దల సందుల్లోంచి కిందికి జారి, కింద ముడుచుకున్న కోళ్ళను లేపాయి.

"రాస్తావా?" అంది తలెత్తకుండా.

"రాయాలి నానాయ్. రాయకపోతే బిడ్డ పుట్టనట్టే."

"ఎక్కడ పుట్టిందని రాస్తావు?"

ఇలాంటి చోట అబద్ధం రాసిన నర్సులు ఉన్నారని కొన్సోర్సియాకు తెలుసు. అలాంటి అబద్ధాల అడుగున పడి, ఏ దీవిలో ఏ కప్పు లేదో పైవాళ్ళకు ఎన్నటికీ తెలియకుండా పోయిందనీ తెలుసు.

"ఇక్కడే పుట్టిందని. పడవ ఎందుకు రాలేదో కూడా రాస్తాను."

"రాయి," అంది సెపా. "దీని పేరు మాత్రం మంచి అక్షరాలతో రాయి. ఏడ్చిన ఏడుపు చూశావుగా, కౌన్సిలరు అవుతుంది."

సోమవారం అలలు తగ్గాయి. అందరూ కాప్, అంటే కెప్టెన్, అని పిలిచే దీవి పెద్ద తనోయ్ తన చేపల పడవలోనే సెపానూ కొన్సోర్సియానూ పట్టణసభ విచారణకు కాలువ దాటించాడు. పటేలరికానికి తగిన గాంభీర్యం అతనికి లేదు. వలలు బాగుచేసే చేతులు ఎప్పుడూ ఏదో ఒక తాడును ముడి వేస్తూ విప్పుతూ ఉంటాయి. సెపా చర్చికి వేసుకెళ్ళే తెల్ల గౌను తొడుక్కుంది. ఉడికించిన అరటికాయలు గుడ్డలో మూటకట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"లాకప్పులో అన్నం పెడతారో లేదో," అంది.

"పెడతారు నానాయ్. నేనూ తిన్నాను," అన్నాడు తనోయ్. "ఉప్పు తక్కువ."

సభ గదిలో చల్లగాలి యంత్రం చప్పుడు చేస్తోంది. బడ్జెట్ సంఘానికి పెద్ద అయిన కౌన్సిలర్ లుసెరో ఒకప్పుడు హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్. సభలో సగంమంది ఆమె క్లాసులో గోడవైపు తిరిగి నిలబడినవాళ్ళే. ఆమె కళ్ళజోడు సవరించుకుంటే చాలు, ఈనాటికీ వాళ్ళ వెన్నెముకలు నిటారుగా లేస్తాయి. అందరికీ ఆమె మామ్, అంటే మేడమ్.

"ఇది మూడోసారి నానాయ్ సెపా," అంది లుసెరో.

"మీ లెక్కలో మూడు మామ్. నా లెక్కలో ఇంకా చాలా ఉన్నాయి. మునుపు కాన్పుకి కోడిపెట్టని ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు రోజులు మారాయి, జరిమానా ఇస్తున్నారు."

గదిలో నవ్వు లేచింది. లుసెరో కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. నవ్వు ఆగింది.

"ఈ నిబంధన రాకముందు ఈ పట్టణం పరిధిలో కాన్పుల్లో తల్లులు పోయేవాళ్ళు. వచ్చాక పోవడం ఆగింది. ఇదే బల్ల ముందు నిలబడి, నిబంధన కావాల్సిందేనని నన్ను నిలదీసిన నర్సు ఎవరో ఇక్కడ కొందరికి తెలియదేమో."

కొన్సోర్సియా లేచి నిలబడింది.

"నేనే మామ్."

"ఇప్పుడు వద్దంటారా?"

"అనను. ఇంట్లో కాన్పు వద్దన్నాను. కాన్పుకి చోటే వద్దనలేదు."

ఆమె గొంతు పెంచలేదు. పురిటిగది మీద ఇప్పుడు కట్టి ఉన్నది నీలం టార్పాలిన్ పట్టా అని చెప్పింది. గాలి వీస్తే పట్టా లేస్తుందనీ, వాన వస్తే కాన్పు బల్ల మీద నీళ్ళు నిలుస్తాయనీ, ప్రతి బడ్జెట్‌కీ కప్పు కావాలని అడుగుతున్నామనీ, ప్రతి బడ్జెట్‌లోనూ అది వచ్చే ఏటికి జరుగుతోందనీ చెప్పింది. చెప్పాక కూర్చోలేదు.

లుసెరో కలం అందుకుంది. "సొమ్ము ఉండి ఇవ్వలేదనుకుంటున్నారు మీరు. రాజధాని నుంచి మనకొచ్చే వాటా తలల లెక్కన వస్తుంది. లగూమన్‌లో తలలు తక్కువ. ఆస్పత్రిలో ఆక్సిజన్‌కే చాలక అప్పు చేస్తున్నాం. మీకో కప్పు వేస్తే ఇక్కడింకో కప్పు ఊడుతుంది. ఏది ఊడాలో మీరే చెప్పండి, రాసుకుంటాను."

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆస్పత్రి పిల్లల వార్డులో ఒక్కో మంచానికి ఇద్దరేసి పడుకోవడం కొన్సోర్సియా చూసింది. వాళ్ళ నోటి దగ్గరిది లాగి తన గది మీద కప్పుకోమంటే ఏ చేత్తో లాగుతుంది?

మాట్లాడింది సెపా. "పండగకి బ్యాండు మేళాన్ని తెచ్చినప్పుడు తెల్ల పడవలో డీజిలు ఉంది మామ్. నేనూ వచ్చాను వినడానికి. బాగా వాయించారు."

ఒక కౌన్సిలరు దగ్గాడు. మరొకడు కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు.

"అది నేను అడిగి చేయించింది కాదు," అంది లుసెరో చివరికి. "కానీ నా సంతకం లేకుండా జరగలేదు. కాబట్టి తప్పుకోను." ఆమె కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "అయినా నిబంధన స్పష్టంగానే ఉంది. కాన్పు ఆరోగ్య కేంద్రం ఆవరణలో, నర్సు చేతి మీదుగా జరగాలి. ఆ కేంద్రాన్ని మోసుకొచ్చి మీ ఇంటి పక్కన పెట్టలేను నానాయ్."

"అది రాలేకపోతే మా ఇల్లే వస్తుంది లెండి."

ఈసారి నవ్వును కళ్ళజోడు కూడా ఆపలేకపోయింది. లుసెరో పెదవి కొస కూడా ఒకసారి కదిలింది. శిక్ష ఖాయం చేసేముందు గురువారం తనే వచ్చి ఆ ఇంటినీ, ఆ గదినీ చూస్తానని చెప్పి, మరో సంగతికి వెళ్ళిపోయింది.

తిరుగు ప్రయాణంలో సగం కాలువ దాటారు. తనోయ్ చుక్కాని కాలితో పట్టుకుని, చేతుల్లోని తాడును ముడి వేస్తూ విప్పుతూ ఉన్నాడు.

"అవతలివాడలో లావు వెదుళ్ళు ఎవరి దొడ్లో ఉన్నాయి?" అన్నాడు ఎవరినీ చూడకుండా.

"ఎందుకురా?" అంది సెపా. మరుక్షణం అర్థమైంది. "నేను ఊరికే అన్నాను."

"నువ్వు ఊరికే అన్నవే మేం వింటాం నానాయ్. పెళ్ళి చేసుకోరా అని ఊరికే అన్నావు, చేసుకున్నాను. ఇప్పటికీ అనుభవిస్తున్నాను."

దీవిలో ఇళ్ళు కదలడం కొత్త కాదు. నేల కోసుకుపోయినప్పుడో, అన్నదమ్ములు విడిపోయినప్పుడో, వెదురు ఇంటిని కాళ్ళతో సహా పెకలించి, వాడంతా భుజాల మీద మోసి వేరేచోట దించుతారు. కూలి ఉండదు, ఇంటివాళ్ళు అన్నం పెడతారు, కల్లు పోస్తారు. కానీ సర్కారు స్థలంలోకి ఇల్లు నడిచి రావడం ఎవరూ ఎరగరు.

"ఆవరణ పట్టణసభది కాప్," అంది కొన్సోర్సియా. "ముందు అడగాలి."

"అడిగితే వచ్చే ఏటి బడ్జెట్‌లో పెడతారు."

ఆమె నీళ్ళకేసి చూసింది. అడగకుండా చేస్తే పోయేది తన ఉద్యోగం. చెయ్యకపోతే గురువారం తర్వాత సెపా లాకప్పులో ఉంటుంది. అవతలివాడలో నెలలు నిండిన నిమ్ఫాకు నొప్పులు మొదలైతే ఒక చివర పడవ ఉండదు, రెండో చివర పట్టాకింద నీళ్ళు నిలిచిన బల్ల ఉంటుంది. మధ్యలో తను, తల మీద సంచీతో, బురదలో.

"నా ఇల్లు," అంది సెపా. "మీరిద్దరూ మాట్లాడేసుకుంటున్నారు. నన్నెవరూ అడగలేదు."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆమె ఒళ్ళోని మూట విప్పి, ఎవరూ తినని అరటికాయలను ఒక్కొక్కటిగా చూసి, మళ్ళీ ముడి వేసింది. పెళ్ళయి వచ్చిన రోజు నుంచి ఆమె నిద్రపోయింది ఆ ఒక్క చోటే. భర్త నాటిన పనస, అతన్ని పూడ్చిన దిబ్బ, రెండూ ఆ ఇంటి కిటికీలోంచి కనిపిస్తాయి.

"మంచం కింద కోడి పొదుగుతోంది," అంది. "దాన్ని కదిలిస్తే మాత్రం ఊరుకోను."

కొన్సోర్సియా వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది. "పొయ్యి బయట పెట్టుకోవాలి నానాయ్. నేల రోజూ మందునీళ్ళతో కడగాలి. చేతులకి తొడుగులు. కాన్పు నేను పడతాను, నువ్వు తల్లిని పట్టుకోవాలి."

"నా ఇంట్లో నాకే నిబంధనలు పెడుతున్నావు."

"పెడుతున్నాను."

"సభలో కూర్చోవాల్సినదానివి," అంది సెపా. అది తిట్టో పొగడ్తో కొన్సోర్సియాకు తెలియలేదు.

బుధవారం పొద్దున్నే మగవాళ్ళు వచ్చారు. సామాన్లు దించారు. పొయ్యిరాళ్ళు, నీళ్ళకుండ, చాపలు, గోడకున్న బాలయేసు బొమ్మ. బొమ్మను సెపా ఎవరి చేతికీ ఇవ్వలేదు. చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు తనే ఎత్తుకుంది. రెండు పొడవాటి వెదుళ్ళను ఇంటి నడుము కిందుగా దూర్చి, అడ్డంగా మరికొన్నిటిని వేసి తాళ్ళతో బిగించారు. గుంజల మొదళ్ళ చుట్టూ మన్ను తవ్వారు. ఎల్మెర్ కూడా వచ్చాడు. ఆ ఇంట్లో తన కూతురు పుట్టి ఇంకా వారం కాలేదు. భుజాలు పెట్టినవాళ్ళలో చాలామంది ఆ బద్దల మీద మొదటి ఊపిరి తీసుకున్నవాళ్ళే అయినా ఆ మాట ఎవరూ ఎత్తలేదు, ఒకడు మాత్రం గుంజను అరచేత్తో తట్టి, "అప్పుడు నేను తేలిగ్గా ఉన్నానంటారు. ఇప్పుడు దీని వంతు," అన్నాడు.

తనోయ్ పొలికేక పెట్టాడు. అందరి మోకాళ్ళూ ఒక్కసారి నిటారయ్యాయి. ఇల్లు కిర్రుమంది, నీపా తాటాకు కప్పులోంచి ఏళ్ళనాటి దుమ్ము రాలింది, గుంజలు ఒక్కొక్కటిగా మన్నులోంచి ఊడి గాలిలోకి లేచాయి. లోపల కోడి ఒక్కసారి అరిచి ఊరుకుంది.

కొబ్బరితోటల దారి ఇంటికి ఇరుకు. అందుకని సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసి, తడి ఇసుక మీదుగా బయల్దేరారు. ముందు బొమ్మను ఎత్తుకుని సెపా, వెనక ఇల్లు, ఇంటి వెనక కుండలు మోసే ఆడవాళ్ళు. అలసిన భుజం కింద మరో భుజం దూరుతోంది. నడక ఆగడం లేదు. పోటు తిరిగి మొదలై నీళ్ళు పిక్కల దాకా వచ్చేసరికి తనోయ్ కేకలు తిట్లలోకి దిగాయి. ఆ తిట్లకు నవ్వుతూనే వాళ్ళు నడిచారు. దూరం నుంచి చూస్తే కింద మనుషులు కనిపించలేదు. పొట్టి గడ్డి టోపీ పెట్టుకున్న ముసలమ్మ ఒకతె చీకాకుగా, తొందరగా, తీరం వెంట నడిచి వెళ్తున్నట్టుంది.

కొన్సోర్సియా మాత్రం కాస్త వెనకబడింది. ఇల్లు లేచి వెళ్ళిన చోట నేల లేతగా, ఎండ ఎరగని చర్మంలా ఉంది. గుంజల గుంటల్లో అప్పుడే నీరు ఊరుతోంది. బద్దల సందుల్లోంచి ఏళ్ళ తరబడి జారిపోయినవన్నీ అక్కడ తేలాయి. ఎముక బొత్తాం, తుప్పు పట్టిన పిన్నీసు, పళ్ళు విరిగిన దువ్వెన, ఒక చెంచా. ఒక మూలన మాత్రం నేల నల్లగా మెత్తగా ఉంది. అక్కడ చేమ ఏపుగా పెరిగింది. కాన్పుల కడుగునీళ్ళన్నీ దిగింది అక్కడికే. ఆమె ఆ మూలన కాలు పెట్టకుండా చుట్టూ తిరిగి వెళ్ళి, చెంచాను మాత్రం తీసి కడిగి జేబులో వేసుకుంది.

సాయంత్రం దాన్ని చూసి సెపా నెత్తి కొట్టుకుంది. "దీని కోసం మా ఆయన్ని చచ్చేదాకా తిట్టాను. పక్కింటావిడకి ఇచ్చేశాడని."

గురువారం ఉదయం అవతలివాడ నుంచి నిమ్ఫాను వెదురుకు కట్టిన గుడ్డ ఉయ్యాలలో మోసుకొచ్చారు. పట్టా కప్పిన పురిటిగది పక్కనే, ఉపకేంద్రం ఆవరణలో సెపా ఇల్లు నిలబడి ఉంది. నిన్ననే వచ్చినట్టు కాక, ఎప్పటినుంచో ఇక్కడే ఉన్నట్టు. కొన్సోర్సియా లోపల అంతా సిద్ధం చేసింది. మరిగించిన నీళ్ళు, కత్తెర, తొడుగులు, గుడ్డలు. నిమ్ఫా ఉయ్యాల దిగి, నొప్పికి గుంజను పట్టుకుని వంగి, లేచి, నిచ్చెన దగ్గరికి నడిచింది.

నిచ్చెన ముందు సెపా చేతులు చాచి అడ్డంగా నిలబడి ఉంది.

"ఎక్కకు."

"ఏమైంది?" అంది కొన్సోర్సియా పైనుంచి.

"మెట్టు మింగేసింది ఇసుక. చూడు. బంగారం, వెండి, చావు." ఆమె ఒక్కో మెట్టు మీద వేలు పెట్టి లెక్కించింది. "గడప చావు మీద పడింది."

దీవిలో మెట్లను అలాగే లెక్కిస్తారు. బంగారం, వెండి, చావు, మళ్ళీ బంగారం. నాలుగు మెట్ల నిచ్చెన బంగారం మీద ముగిసేది. నిన్న అలసిన చేతులు గుంజలను మెత్తటి ఇసుకలో లోతుగా దించేశాయి, అడుగుమెట్టు పూడిపోయింది. వెదుళ్ళు కట్టినవాళ్ళకూ, మోసినవాళ్ళకూ, కప్పు సరిచేసినవాళ్ళకూ ఆ ఒక్కటీ తట్టలేదు.

"నానాయ్, నొప్పులు దగ్గరపడ్డాయి. లెక్క తర్వాత చూసుకుందాం."

"నేను ఎక్కను మానా," అంది నిమ్ఫా. ఆమె నుదుట చెమట పట్టింది, గొంతు మాత్రం గట్టిగా ఉంది. "చావు మీద కాలు పెట్టి కనడానికి పోను. ఇక్కడే కంటాను."

"ఇసుకలోనా?"

"ఇసుకలోనే."

మగవాళ్ళు రంపం కోసం పరుగెత్తారు. కొన్సోర్సియా నిచ్చెన పైన నిలబడి, బిడ్డలను బతికించడానికి తను నేర్చుకున్నదంతా మూడు మెట్ల ముందు ఆగిపోయిందని తెలుసుకుంది. కోపం వచ్చింది, ఆ కోపం ఎవరి మీదో తేలలేదు. తల ఎత్తితే, తీరం మీద తెల్ల పడవ ఆగి ఉంది.

లుసెరో గొడుగు పట్టుకుని ఇసుకలో నడిచి వస్తోంది. బూట్లు తడిసి ఉన్నాయి. ఆమె ముందు నీలం పట్టాను చూసింది, తర్వాత ఇంటిని చూసింది, ఆ తర్వాత నిచ్చెనను. ఆమె పెదవులు మెల్లగా కదిలాయి. ఒకటి, రెండు, మూడు. ఆగాయి.

వెనక్కి తిరిగి డ్రైవరుతో, "పడవలో ఆ పెట్టె పట్రా," అంది.

"ఏ పెట్టె మామ్?"

"లైఫ్ జాకెట్ల పెట్టె. జాకెట్లు తీసి పడవలో పెట్టు. పెట్టె పట్రా."

తెల్లరంగు వేసిన గట్టి చెక్కపెట్టె అది. డ్రైవరు తెచ్చి ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడితే, లుసెరో గొడుగు మొనతో నిచ్చెన మొదలు చూపించింది. పెట్టె అక్కడ బిగిసి కూర్చుంది. ఆమె ముందు తనే దాని మీద కాలు మోపి, కదులుతుందేమో అని బరువంతా వేసి చూసింది. దిగింది. మళ్ళీ మొదటినుంచి, బడిపిల్లల చేత ఎక్కాలు చెప్పించిన గొంతుతో పైకే లెక్కించింది.

"బంగారం. వెండి. చావు. బంగారం." నిమ్ఫా మోచెయ్యి పట్టుకుంది. "ఎక్కమ్మా."

నిమ్ఫా ఎక్కింది.

కాన్పు ఎక్కువసేపు పట్టలేదు. కొన్సోర్సియా ముందు మోకరిల్లింది, సెపా తల్లి వీపును తన గుండెకు అదుముకుని కూర్చుంది. ఒకతె ఆపమన్నప్పుడు రెండోది ఊపిరి ఊదమంది. ఒకతె చూపు ఎత్తితే రెండోది చెయ్యి మార్చింది. కింద ఇంటి నీడలో పీట మీద కూర్చున్న లుసెరో మీదికి, బద్దల సందుల్లోంచి గోరువెచ్చటి నీళ్ళు జారాయి. ఆమె లేవలేదు. ఇంటికిందే గొడుగు విప్పుకుని కూర్చుంది. దాన్ని చూసిన తనోయ్ నవ్వు ఆపుకోలేక కొబ్బరి మట్ట ఏదో నరకాలన్నట్టు అవతలికి పోయాడు.

బిడ్డ ఏడ్చింది. గొడుగు మూసుకుంది.

కొన్సోర్సియా చేతులు తుడుచుకుంటూ దిగి వచ్చి, పంతులమ్మ ముందు పాఠం అప్పజెప్పేదానిలా నిలబడింది. "స్థలానికి అనుమతి అడగలేదు మామ్. ఆ తప్పు నాది. కాప్‌ది కాదు, నానాయ్‌ది కాదు."

"అడగలేదని నాకూ తెలుసు. అడిగి ఉంటే ఆ అర్జీ నా బల్ల మీదే పడి ఉండేది." లుసెరో తడిసిన భుజం దులుపుకుంది. "నేరం జరిగిన ఇంటిని చూడ్డానికి వచ్చాను. అవతలివాడలో ఆ ఇల్లు లేదంటున్నారు."

"లేదు మామ్. గుంటలున్నాయి."

"ఇక్కడున్నది ఆరోగ్య కేంద్రం ఆవరణ. కాన్పు చేసింది నర్సు. లేని ఇంటికి జరిమానా ఎలా వెయ్యాలో, ఉన్న మనిషిని లాకప్పులో ఎందుకు పెట్టాలో సభలో వాళ్ళనే అడుగుతాను. చెప్పగలిగినవాడు లేచి చెబుతాడు."

ఆ సభలో ఆమె అడిగినప్పుడు లేచేవాడు ఎవరూ ఉండరని అక్కడున్న అందరికీ తెలుసు.

"మరి కప్పు?" అంది కొన్సోర్సియా.

లుసెరో నీలం పట్టా వైపు చూసింది. గాలికి దాని అంచు లేచి పడుతోంది. "కప్పుకి మాట ఇవ్వను. ఇవ్వలేనిదాన్ని ఇస్తానని చెప్పే అలవాటు నాకు లేదు. మీరు మళ్ళీ అడగండి. నేను కాదన్నా అడగండి."

"అడుగుతాను."

"తెలుసు."

సెపా నిచ్చెన తలదగ్గర కూర్చుని కాళ్ళు వేలాడేసింది. "మామ్, మీ పెట్టె తీసుకుపోండి. తనోయ్ సాయంత్రానికి మెట్టు చేస్తాడు."

"ఆ పెట్టె ఇక్కడే ఉండాలి," అంది లుసెరో. డ్రైవరు వైపు తిరిగింది. "జాకెట్లు పెట్టడానికి పెట్టె లేకుండా ఆ పడవని నడపొచ్చా?"

డ్రైవరు పెట్టెకేసీ పడవకేసీ చూశాడు. "రూలు ప్రకారం నడపకూడదు మామ్."

"అయితే పడవ కూడా ఇక్కడే ఉండాలి. తనిఖీ కోసం పోసిన డీజిలు ఇంకా సగం ఉంది. నువ్వూ ఇక్కడే ఉండు."

"మామ్, మరి మీరు?"

ఆమె చేపల బుట్టలు ఎక్కిస్తున్న తనోయ్ పడవ దగ్గరికి నడిచి, గౌను అంచు ఒక చేత్తో పైకి పట్టుకుని, ఎవరి చెయ్యీ అందుకోకుండా ఎక్కి, బుట్టల మధ్య కూర్చుంది. గొడుగు విప్పింది. తనోయ్ ఇంజను తాడు లాగాడు.

"మామ్," అని సెపా నిచ్చెన మీంచి కేకేసింది, "పండక్కి బ్యాండువాళ్ళు ఎలా వస్తారు మరి?"

"ఈదుకుంటూ వస్తారు," అంది లుసెరో వెనక్కి చూడకుండా.

చేపల పడవ చిన్నదవుతూ పోయింది. బుట్టల మధ్య నల్ల గొడుగు ఒక్కటే నిటారుగా ఉంది. పోటు వస్తోంది; తెల్ల పడవ ఒడ్డున అటూ ఇటూ ఊగి, తాడును లాగుతోంది. డ్రైవరు ఆ తాడు కొస పట్టుకుని, కట్టడానికి చోటు కోసం ఆవరణంతా చూశాడు. పురిటిగది గోడకు కట్టడానికి కొక్కెం లేదు, దడికి బలం లేదు.

కొన్సోర్సియా తాడును అతని చేతిలోంచి తీసుకుని, సెపా ఇంటి ముందు గుంజకు రెండు చుట్లు చుట్టి, బిగించి ముడి వేసింది. పైన బిడ్డ మళ్ళీ ఏడవడం మొదలుపెట్టింది. మంచం కింద కోడి దానికి బదులు పలికింది.